పెట్రోలు ట్యాంకు మూత సంగతులు



దారిలో బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ట్యాంకులో పెట్రోలు ఉంది, ప్లగ్గు బాగానే ఉంది. కిక్కు కొడితే ఇంజను ఓ క్షణం పలికి మళ్ళీ మూగబోతుంది. పెట్రోలు నిజంగా ఉందో లేదో చూద్దామని ట్యాంకు మూత తీస్తారు. హుస్సుమని గాలి లోపలికి పోయిన చప్పుడు. మూత పెట్టి మళ్ళీ కిక్కు కొడితే బండి ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. నాలుగైదు కిలోమీటర్లు పోయాక మళ్ళీ అదే తంతు. షెడ్డుకు తీసుకెళ్తే కార్బ్యురేటరు విప్పి కడుగుతారు, ప్లగ్గు మారుస్తారు, పైపు ఊదుతారు. పని చేసేటప్పుడు ట్యాంకు మూత ఎలాగూ తెరిచే ఉంటుంది కాబట్టి అక్కడ ఎంతసేపు ఆడించినా ఇంజను ఆగదు. బిల్లు కట్టి ఊరి పొలిమేర దాటగానే మళ్ళీ ఆగుతుంది. చేయి తిరిగిన మెకానిక్కు దగ్గరికి వెళ్తే మాత్రం కథ వేరు. "ఎయిర్ లాక్ అయింది సార్" అని మూతలోని సన్నటి కన్నంలో తీగ పోనిచ్చి, గట్టిగా ఊది, బండి అప్పగించేస్తాడు.

ఈ పూట మన మాటలన్నీ ఆ మూత గురించే. మైలేజీ గురించి, టైర్ల గురించి గంటలకొద్దీ చర్చించుకుంటాం గానీ, ట్యాంకు మూత గురించి ఎవరైనా మాట్లాడుకోగా నేను వినలేదు. పోయినరోజున మాత్రం వెతుక్కుంటాం.

అసలు మూతకు కన్నం ఎందుకు? నూనె డబ్బా వంచి పోసేవాళ్ళందరికీ ఇది తెలిసిన సంగతే. డబ్బాకు ఒకే కన్నం పెడితే నూనె బుడుక్కు బుడుక్కుమంటూ ఆగి ఆగి వస్తుంది. ఎదురుగా రెండో కన్నం పెడితే ధారగా దిగుతుంది. దిగిన నూనె ఖాళీ చేసిన చోటులోకి గాలి రావాలి, అంతే. పెట్రోలు ట్యాంకుకూ అదే సూత్రం. ఇంజను తాగిన ప్రతి చుక్క స్థానంలోకి అంత గాలి చేరాలి.

చేరకపోతే ఏమవుతుందో ఓ ఉజ్జాయింపు లెక్క చూద్దాం. మామూలు బైకులో ట్యాంకు కార్బ్యురేటరు కంటే ఓ అడుగు ఎత్తులో ఉంటుంది. అడుగు ఎత్తు పెట్రోలు తన బరువుతో కిందికి తోసే బలం, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో నలభయ్యోవంతు కూడా ఉండదు. అంటే ట్యాంకు లోపల ఒత్తిడి నూటికి రెండు పాళ్ళు తగ్గితే చాలు, పెట్రోలు దిగడం మానేస్తుంది. ట్యాంకులో 5 లీటర్ల ఖాళీ ఉందనుకోండి. అందులో నూటికి రెండు పాళ్ళంటే 100 మిల్లీలీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండి ఆ పెట్రోలుతో 5 కిలోమీటర్లు పోతుంది. ఇందాక చెప్పిన నాలుగైదు కిలోమీటర్ల రహస్యం ఇదే. ఎండ వేడి, ఆవిరి వల్ల ఈ అంకె అటూ ఇటూ జరుగుతుంది. ట్యాంకు నిండా పోయించిన రోజు లోపల ఖాళీ తక్కువ, కాబట్టి బండి ఇంకా ముందే ఆగుతుంది. "ఫుల్ ట్యాంకు కొట్టించాక కూడా ఆగిపోతుందేమిటి, బంకులో ఏదో కలిపారు" అని తిట్టుకోవడానికి సరిగ్గా అనువైన పరిస్థితి!

కార్లలో, ఇంజెక్షన్ బైకుల్లో పెట్రోలును పంపు తోస్తుంది కాబట్టి బండి అంత త్వరగా ఆగదు. ఆ సుఖం వెనకే కష్టం ఉంది. గాలి రాకపోయినా పంపు లాగుతూనే ఉంటుంది. ట్యాంకు గోడ జానెడున్నర పొడవు, జానెడున్నర వెడల్పు ఉందనుకుందాం, అంటే సుమారు 900 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు గాలి వేసే బరువు దాదాపు కిలో. లోపలి ఒత్తిడి పదోవంతు తగ్గితే ఆ గోడ మీద బయటి నుంచి 90 కిలోల మనిషి నిలబడ్డంత బరువు పడుతుంది. గాలిదారి పూర్తిగా పూడుకుపోయిన బండ్లలో ట్యాంకు లోపలికి సొట్టపడటానికి కారణం ఇదే. పంపు కూడా లేనిపోని శ్రమ పడి ముందే చేతులెత్తేస్తుంది.

గాలి లోపలికి రావాలి, సరే. మరి కన్నం పెద్దదిగా పెడితే సరిపోదా? సరిపోదు. లోపలున్నది నూనె కాదు, పెట్రోలు. సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి దాని మీద లేస్తుంది. మన ఎండల్లో సంగతి వేరే చెప్పాలా? ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి లేచి పోదు, నేలబారుగా పాకి గుంటల్లో, తలుపు సందుల్లో చేరుతుంది. ఇంట్లోనో, సెల్లార్‌లోనో బండి పెట్టేవాళ్ళు పెట్రోలు వాసనను తేలిగ్గా తీసుకోకూడదనేది ఇందుకే.

అందుకని ఇప్పటి మూతల్లో రెండు చిన్న కవాటాలు పెడతారు. ఒకటి లోపల గాలి తగ్గితే తెరుచుకుని గాలిని రానిస్తుంది. రెండోది లోపల ఒత్తిడి హద్దు మీరితేనే తెరుచుకుని బయటికి వదులుతుంది. మిగతా సమయమంతా రెండూ మూసుకుని ఉంటాయి. పాత బండ్లలో ఇంత హంగు లేదు. మూతలో మెలికలు తిరిగిన సన్నటి దారి ఉండేది, దుమ్మూ పెట్రోలు జిగురూ చేరితే పూడిపోయేది. పాత రెండు స్ట్రోకుల బండ్లలో కొన్నిటికి మూత అడుగునే చిన్న గిన్నె ఉండేది. దాంతోనే ఆయిలు కొలిచి పెట్రోల్లో పోసేవారు. మూతతో ఇంకో పని చేయించుకున్న ఆ తెలివి నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

కార్లలో, కొత్త బైకుల్లో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. ట్యాంకులో పుట్టిన ఆవిరిని ఒక గొట్టం ద్వారా బొగ్గు గుళికలున్న డబ్బాలోకి పంపిస్తారు. దాన్ని క్యానిస్టర్ అంటారు. బండి ఆగి ఉన్నప్పుడు బొగ్గు ఆ ఆవిరిని పట్టి ఉంచుతుంది. ఇంజను నడిచేటప్పుడు ఆ ఆవిరిని లాక్కుని కాల్చేస్తుంది. గాలిలో కలిసిపోవాల్సిన పెట్రోలు మన కిలోమీటర్లలో కలుస్తుందన్నమాట. ఈ ఏర్పాటంతా పనిచేయాలంటే ట్యాంకు ఎక్కడా కారకూడదు. మనిషి చేయి పడేది, ఎక్కువగా తెరిచి మూసేది మూతే కాబట్టి ముందు కారేది కూడా చాలాసార్లు అక్కడే.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ మూతతో బాగానే పరిచయం. కొత్తగా వెళ్ళినవాళ్ళు పెట్రోలు తామే పోసుకుని, మూత వదులుగా బిగించి వచ్చేస్తారు. కొద్దిరోజులకు ఇంజను బొమ్మతో పసుపుపచ్చ దీపం వెలుగుతుంది. ఇంజనే పోయిందేమోనని గాభరా. అక్కడ 1996 నుంచి కార్లన్నిటిలో ఇంజను తన ఆరోగ్యాన్ని తానే చూసుకునే ఏర్పాటు తప్పనిసరి. అందులో భాగంగా ఇంజను ట్యాంకులోని గాలిని కాస్త లాగి, ఆ లాగుడు నిలుస్తుందో లేదో చూస్తుంది. నిలవకపోతే ఎక్కడో కారుతున్నట్టు లెక్క. 2000 తర్వాతి మోడళ్ళయితే అర మిల్లీమీటరు కన్నాన్ని కూడా పట్టేస్తాయి. పీ0457 అనే కోడు వచ్చిందంటే మూత వదులుగా ఉంది లేదా అసలు లేదు అని అర్థం. మూత బిగించగానే దీపం ఆరిపోదు. బండి తన పరీక్ష మళ్ళీ చేసుకోవాలి, దానికి కొన్ని ప్రయాణాలు పడుతుంది. కాబట్టి వాళ్ళు ఫోను చేసి కంగారు పడితే ముందు మూత చూసుకోమని చెప్పండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పండి. దీపం నిలకడగా వెలిగితే మూత అనుకోవచ్చు గానీ, ఆరుతూ వెలుగుతూ ఉంటే అది వేరే జబ్బు, వెంటనే బండి ఆపాలి.

అక్కడ కొన్ని రాష్ట్రాల్లో పొగ తనిఖీలో మూతను విడిగా తీసి ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. మన దగ్గర పొల్యూషన్ బండివాడు సైలెన్సరులో గొట్టం పెట్టి, ఫొటో తీసి, కాగితం చేతిలో పెడతాడు. మూత వంక చూడడు. చూడాల్సింది మనమే.

ఇక నీళ్ళ సంగతి. నా దృష్టిలో ఈ ప్రసంగంలో ముఖ్యమైన భాగం ఇదే.

పూర్వం పెట్రోల్లో నీళ్ళు పడితే అవి వేరుగా అడుక్కి చేరేవి. తీసేస్తే పోయేవి. ఇప్పుడు మనం పోయించుకుంటున్నది ఇథనాలు కలిసిన పెట్రోలు. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో నూటికి 20 పాళ్ళు ఇథనాలున్న పెట్రోలును, అంటే ఈ20ని, లాంఛనంగా ప్రారంభించారు. ఇప్పుడది మామూలు పెట్రోలే అయింది. ఇథనాలు నీళ్ళకు చుట్టం. గాల్లో ఉన్న తేమను కూడా పట్టేస్తుంది. కొద్దిపాటి నీళ్ళను తనలో కలుపుకుని ఇంజనులోకి తీసుకెళ్ళి ఆవిరి చేసేస్తుంది, అంతవరకు మేలే. ఆ కొద్ది దాటిందా, ఇథనాలు పెట్రోలును వదిలేసి నీళ్ళతో చేయి కలుపుతుంది. రెండూ కలిసి అడుగున పొరగా చేరతాయి. పంపు లాగేదీ అడుగునుంచే. ఇంజనుకు పెట్రోలు బదులు ఇథనాలు కలిసిన నీళ్ళు అందుతాయి. పొద్దున్నే ఎంత సెల్ఫ్ కొట్టినా స్టార్టవకపోవడం అప్పటినుంచి మొదలు. పైన మిగిలిన పెట్రోలుకు కూడా ఇథనాలు ఇచ్చిన బలం పోతుంది. ఈ స్థితిలో సీసాలో అమ్మే మందులు పోసి లాభం లేదు. ట్యాంకు దించి, ఖాళీ చేసి, ఆరబెట్టి, కొత్త పెట్రోలు పోయాల్సిందే.

వానాకాలంలో ఇలా జరిగితే మనవాళ్ళ మొదటి మాట "బంకులో నీళ్ళు కలిపారు" అని. బంకు భూగర్భ ట్యాంకుల్లోకి నీళ్ళు దిగడం అసలు జరగదని నేననను. అనుమానముంటే అక్కడే పరీక్ష చేసి చూపమని అడిగే హక్కు మనకుంది, అడగండి. కానీ ఒకే బంకులో, ఒకే పూట పోయించుకున్న మిగతా బండ్లు నిక్షేపంగా తిరుగుతూ, రాత్రంతా వానలో నిలిచిన మన బండి ఒక్కటే మొరాయిస్తే, ముందు మన మూత వైపు చూసుకోవడం న్యాయం.

వాన నీళ్ళు లోపలికి పోయే దారి తెలుసుకుందాం. బైకు మూత చుట్టూ చిన్న పల్లం ఉంటుంది. అందులో పడిన నీళ్ళు పోవడానికి ఒక మూలన చిన్న కన్నం, దాని కింద ట్యాంకు లోపలినుంచి బయటికి దిగే గొట్టం ఉంటాయి. మూత తెరిచి చూస్తే ఆ కన్నం కనిపిస్తుంది. దాన్ని చూసి ఎందుకుందో తెలియక జిగురు పెట్టి పూడ్చేసినవాళ్ళు కూడా ఉన్నారు! మట్టి, ఆకు తునకలు చేరి అది పూడుకుంటే, పల్లంలో నీళ్ళు నిలిచి, మూత వాషరు ఏ కాస్త సందు ఇచ్చినా లోపలికి జారతాయి. కార్లలో కూడా పైతలుపు తీస్తే మూత చుట్టూ గిన్నెలాంటి చోటు, దాని అడుగున నీళ్ళు పోయే కన్నం కనిపిస్తాయి. వానలు మొదలవక ముందే మూత గట్టిగా బిగించి, చిన్న గ్లాసెడు నీళ్ళు అందులో పోసి చూడండి. నీళ్ళు బండి కింద కారితే దారి బాగున్నట్టు. నిలిస్తే మెత్తని ప్లాస్టిక్ తీగతో మెల్లగా శుభ్రం చేయాలి. ఇనుప చువ్వ పెట్టి పొడిస్తే గొట్టం చిరుగుతుంది, కొత్త సమస్య మొదలవుతుంది.

ట్యాంకు మీద అందానికి తొడిగే రెగ్జిన్ కవర్లు నాకు బొత్తిగా నచ్చవు. వాన వెలిశాక కూడా అవి తడిని పట్టి ఉంచుతాయి. మూత దగ్గర కోత సరిగా లేకపోతే గాలికన్నాన్నీ కప్పేస్తాయి. గీతలు పడకుండా కాపాడతాయంటారు గానీ, కవరు కింద తుప్పు పట్టాక ఆ గీతలు లేని రంగు ఎవరికి? వాటర్ సర్వీసింగ్ దగ్గర కూడా ఒక మాట చెప్పాలి. ప్రెషర్ పైపు నేరుగా మూత మీద కొట్టవద్దని కుర్రాడికి ముందే చెప్పండి.

నీళ్ళనూ ఆవిరినీ ఆపేది మూత కింద ఉండే రబ్బరు వాషరు. మూతలో ముందుగా ముసలిదయ్యేది అదే. గోరుతో నొక్కితే మెత్తగా దిగి మళ్ళీ పైకి రావాలి. గట్టిపడి నున్నగా మెరుస్తున్నా, సన్న పగుళ్ళు కనిపించినా, ఉబ్బి వదులై గాడిలోంచి జారుతున్నా దాని ఆయుష్షు తీరినట్టే. ట్యాంకు మూతి అచ్చు వాషరు మీద చుట్టూ ఒకే తీరుగా పడాలి. ఒకవైపు లోతుగా, ఒకవైపు అసలు లేకుండా ఉంటే అక్కడ సందు ఉంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బ్రేకు వేస్తే మూత చుట్టూ పెట్రోలు చెమ్మగిల్లడం, ఆరాక మరక మిగలడం, పొద్దున బండి దగ్గరికి వెళ్ళగానే గుప్పుమనడం, ఇవన్నీ వాషరు పెట్టే మొరలు. ఇథనాలుకు తట్టుకునే రబ్బరుతో తయారుచేయని పాత బండ్లలో ఇది ఇంకా త్వరగా పాడవుతుంది. 2023కు చాలా ముందు కొన్న బండి ఉన్నవాళ్ళు దీని మీద ఓ కన్నేసి ఉంచాలి.

వాషరుకు కావలసిన సేవ పొడిగుడ్డతో తుడవడం, అంతే. ట్యాంకు మూతి అంచునూ తుడవాలి. గ్రీజు రాయకూడదు, రబ్బరు ఉబ్బుతుంది. మనవాళ్ళకు బిగుసుకున్న ప్రతిదానికీ కొబ్బరినూనె మందు. మూత తాళం కన్నంలో రెండు చుక్కలు వేస్తారు. ఆ పూటకు తిరుగుతుంది. నెల తిరిగేసరికి నూనెకు దుమ్ము అంటి ముద్దయి అసలుకే మోసం వస్తుంది. తాళానికి గ్రాఫైట్ పొడి మంచిది. అది దొరక్కపోతే పెన్సిలు ములుకును తాళంచెవి గాడుల్లో బాగా రుద్ది, చెవిని లోపల పెట్టి నాలుగైదుసార్లు తిప్పండి. పెన్సిల్లో ఉన్నదీ గ్రాఫైటే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలాంటి ఊళ్ళలో ఉప్పుగాలికి ఈ తాళాలు తొందరగా బిగుస్తాయి. అక్కడివాళ్ళు రెండు మూడు నెలలకోసారి ఈ పని చేస్తే తాళంచెవి విరిగి లోపల మిగిలిపోయే బాధ ఉండదు.

బంకు దగ్గర కొన్ని అలవాట్లు చూద్దాం. ఎండలో వచ్చి ఆగిన బండి మూతను ఒక్కసారిగా తీయకండి. కాస్త వదులు చేసి, లోపలి ఒత్తిడి పోయాక తీయండి. లేకపోతే పెట్రోలు చిమ్మవచ్చు. కారు మూత తీశాక డిక్కీ మీదో, బంకు మిషను మీదో పెట్టేస్తారు. మూతలు పోయేది చాలావరకు ఇలాగే. పైతలుపు లోపలివైపు చూడండి, చాలా కార్లలో మూత తగిలించడానికి చిన్న కొక్కెమో గాడో ఉంటుంది. బండి కొని ఏళ్ళయినా దాన్ని గమనించనివాళ్ళు ఎందరో. పనిలో పనిగా ఇంకోటి. పెట్రోలు మూత కారుకు ఏ పక్కన ఉందో గుర్తుండకపోతే డాష్‌బోర్డు మీద పెట్రోలు బంకు బొమ్మ పక్కన చిన్న బాణం చూడండి. అది ఎటు చూపిస్తే మూత అటు. జిమ్ మొయిలన్ అనే ఫోర్డ్ కంపెనీ డిజైనరు 1986లో ఇచ్చిన సలహా అది. చిన్న బాణమే, కానీ బంకులో బండి రెండోవైపుకు తిప్పుకునే అవస్థ ఎందరికి తప్పించిందో! స్కూటర్లవాళ్ళకైతే సీటు ఎత్తి, అందులోని సంచులు తీసి, అప్పుడు మూత తీసే పని చాలాకాలం తప్పలేదు. 2020లో వచ్చిన యాక్టివా 6జీతో ఆ బండికి బయటనుంచే పోయించుకునే సౌకర్యం వచ్చింది.

నాజిల్ తనంతట తాను టక్కున ఆగాక "ఇంకో పది రూపాయలు రౌండ్ చెయ్" అని పోయించకండి. పెట్రోలు 10 డిగ్రీల వేడికి నూటికి దాదాపు ఒక పాలు వ్యాకోచిస్తుంది. 35 లీటర్ల ట్యాంకులో పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే అరలీటరు పైమాటే పెరుగుతుంది. దానికి చోటు కావాలి. చోటు లేకపోతే బొగ్గు డబ్బాలోకి ఆవిరి బదులు పెట్రోలే దిగి దాన్ని పాడుచేస్తుంది. అలాగని, వేసవిలో ట్యాంకు నింపితే పేలిపోతుందని ఫోన్లలో తిరిగే సందేశాన్ని నమ్మకండి. కంపెనీ చెప్పిన పరిమితి వరకు ఏ కాలంలోనైనా నింపుకోవచ్చని ఇండియన్ ఆయిల్ సంస్థ స్పష్టంగా చెప్పింది.

పోయడం అయ్యాక కారు మూతను టిక్ టిక్‌మనేదాకా తిప్పాలి. ఆ చప్పుడు మూత బిగిసిందనడానికి గుర్తు, ఆపైన బలం చూపనక్కర్లేదు. బైకు మూతను విసిరి మూయకుండా తాళంచెవి ఉంచి అరచేత్తో అదిమితే చాలు.

సరే, మూత పోయింది. అప్పుడేం చేస్తారు? మన రోడ్ల మీద చూస్తూనే ఉంటాం, గుడ్డ పేలిక దూర్చిన ట్యాంకులు. గుడ్డ పెట్రోలును పైకి పీల్చి వత్తిలా తయారవుతుంది. ఇంతకంటే ప్రమాదకరమైన మూత ఇంకోటి లేదు. పాలిథిన్ కవరు రబ్బరుబ్యాండుతో బిగించడం కూడా మేలైనది కాదు. అటు ఆవిరి నిలవదు, ఇటు గాలి సరిగా రాదు. బండిని నీడలో, పొయ్యికీ బీడీకీ దూరంగా పెట్టి, మూత తెచ్చి బిగించాకే తీయండి. కొట్టు దగ్గరలోనే ఉంటే ట్యాంకు నింపకుండా, మెల్లగా అక్కడిదాకా వెళ్ళవచ్చు.

ట్రాక్టర్ల విషయంలో మనం మరీ నిర్లక్ష్యం. డీజిలుకు పెట్రోలంత ఆవిరి లేదు కాబట్టి మూత లేకపోయినా ఏం కాదనుకుంటాం. కోతల కాలంలో పొలంలో లేచే దుమ్మూ ఊకా నేరుగా ట్యాంకులోకే. డీజిలు ఇంజనులో పంపు, ఇంజెక్టర్లు వెంట్రుక కంటే సన్నని సందులతో పనిచేస్తాయి. నీళ్ళూ మట్టీ వాటికి విషం. కొన్ని వందల రూపాయల మూత కొనక వేలకు వేలు ఇంజెక్టర్ల మీద పోసిన రైతులు ప్రతి మండలంలో దొరుకుతారు. లారీలవాళ్ళకు ఇంకో హెచ్చరిక. బీఎస్-6 లారీల్లో నీలం మూతతో చిన్న ట్యాంకు వేరుగా ఉంటుంది. అది యూరియా ద్రావణానిది, నూటికి 32.5 పాళ్ళు యూరియా, మిగతాది నీరు. దాన్ని పొరపాటున డీజిలు ట్యాంకులో పోస్తే ఇంజను స్టార్టు కూడా చేయకూడదు. చేస్తే ఖర్చు రెండింతలు కాదు, పదింతలు.

కొత్త మూత కొనేటప్పుడు రంగు, సైజు సరిపోయాయని సంబరపడకండి. మీ బండి మోడలు, తయారైన సంవత్సరం చెప్పి అడగండి. పాత మూత ఉంటే వెంట తీసుకెళ్ళండి. చూడటానికి కవల పిల్లల్లా ఉన్న రెండు మూతల్లో ఒకదానికి గాలికన్నం ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. క్యానిస్టర్ ఉన్న బండికి బయటికి కన్నమున్న మూత పెడితే ఆవిరంతా వృథా. మూతద్వారానే గాలి పీల్చే పాత బండికి కన్నంలేని మూత పెడితే మళ్ళీ నాలుగైదు కిలోమీటర్లకోసారి ఆగడమే. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్ రాణిగంజ్‌లోనైనా ఒరిజినల్ ఒక ధర, లోకల్ ఒక ధర చెబుతారు. అద్దాలు, ఫుట్‌రెస్టుల్లాంటి వాటిలో లోకల్ తీసుకుంటే నేను తప్పు పట్టను. ఈ మూతలో మాత్రం వద్దంటాను. ఆ నాసిరకం వాషరు ఏ రబ్బరో, ఇథనాలుకు ఎన్నాళ్ళు ఆగుతుందో అమ్మేవాడికీ తెలియదు. వాషరు ఒక్కటే పోయి, మీ మోడలుకు అది విడిగా దొరికితే మొత్తం మూత మార్చనక్కర్లేదు.

బైకు మూత ఒక్కటే కొంటే దానికి తాళంచెవి వేరుగా వస్తుంది. జేబులో రెండు చెవులు మోయాలి. ఇగ్నిషను, సీటు, ట్యాంకు మూడూ కలిపి లాక్ సెట్టు అమ్ముతారు, ఖర్చు ఎక్కువ. తాళాలు బాగుచేసే మనిషి దగ్గరికి కొత్త మూత తీసుకెళ్తే లోపలి పలకలు మార్చి పాత చెవికే సరిపడేలా చేయడం చాలాసార్లు సాధ్యమే. అడిగి చూడండి. 

బిగించే పని ఇంట్లో చేసుకునేవాళ్ళు ఇంజను చల్లారాక, ఆరుబయట చేయండి. బైకు మూత మరలు విప్పే ముందు ట్యాంకు మూతిలో శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టండి. ఒక్క మర లోపల పడిందంటే ట్యాంకు దించాల్సి వస్తుంది. పని అయ్యాక ఆ గుడ్డ తీయడం మరిచిపోకూడదు. గుండ్రని మూతల మీద కనిపించే మరల్లో కొన్ని అలంకారానికి పెట్టినవే ఉంటాయి. బలవంతంగా తిప్పితే తల అరుగుతుంది, అసలు మర మూత ఎత్తితే లోపల కనిపిస్తుంది. కొత్త మూత పెట్టే ముందు ట్యాంకు మూతి అంచును వేలితో తడిమి చూడండి. అంచు తుప్పుపట్టో, సొట్టపడో ఉంటే ఎంత మంచి మూతైనా కారుతుంది. అప్పుడు మూతను తిట్టి లాభం లేదు, అంచు బాగుచేయించాలి.

ఈసారి బంకులో వంతు వచ్చినప్పుడు ఫోను జేబులో పెట్టి, మూత చేతిలోకి తీసుకుని వాషరును ఒక్కసారి గోరుతో నొక్కి చూడండి. గట్టిపడి ఉంటే వానలు వచ్చేదాకా ఆగకుండా మార్పించండి.